కొండకెళ్ళే అక్క

నాకు మనుషులంటే పడదు. నర్సు నోట ఈ మాట వినడానికి బాగోదని తెలుసు, అయినా నిజం. పద్దెనిమిదేళ్ళుగా ఐర్లండ్‌లో సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. పన్నెండున్నర గంటల డ్యూటీలో ముసలివాళ్ళను పక్కకు తిప్పి, కట్లు మార్చి, మందులు మింగించి, వాళ్ళ కూతుళ్ళకు ఫోన్లో ఒకే జవాబు నాలుగుసార్లు చెప్పి బయటికొచ్చాక ఇంకో మనిషి ముఖం చూడాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాగని పేషెంట్లతో పేచీ ఏమీ లేదు. వాళ్ళు నయమై ఇంటికి వెళ్తారు, లేదంటే చచ్చిపోతారు. పేచీ అంతా మనవాళ్ళతోనే. మనవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు.

మేముండేది డ్రోహెడాలో. ఇక్కడ తెలుగు క్రైస్తవ కుటుంబాలు పాతిక దాకా ఉన్నాయి. దాదాపు అందరం నర్సులమో, ముసలివాళ్ళను చూసుకునే కేరర్లమో. ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూడిక. పాటలయ్యాక, వాక్యం అయ్యాక, ప్రార్థన మనవుల సమయం వస్తుంది. అసలు తంతు అక్కడుంటుంది. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే సరే. మా దగ్గర ఒకరి మనవి ఇంకొకరు పెడతారు. ఫలానా సిస్టర్ గురించి నాకు భారంగా ఉందండీ, వాళ్ళాయన మూడు నెలలుగా మాట్లాడ్డం లేదంట, ప్రార్థించండి అని ఒకావిడ లేచి చెబుతుంది. ఆ ఫలానా సిస్టర్ అక్కడే చేతిలో పులిహోర ప్లేటుతో కూర్చుని ఉంటుంది. అందరూ కళ్ళు మూసుకుంటారు. మూసుకునే ముందు ఒకసారి ఆమె వంక చూస్తారు. దాన్ని చాడీ అనడానికి వీల్లేదు, చివర్లో ఆమెన్ ఉంటుంది కాబట్టి.

నా విడాకుల సంగతి నేను మా అమ్మకు చెప్పకముందే శుక్రవారం మనవి అయింది. పెట్టింది మేమంతా పెద్దాంటీ అని పిలిచే ఆవిడ. మా అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన నర్సు. ఇప్పుడు ఉద్యోగం నుంచి రిటైరయింది గానీ నోటికి మాత్రం రిటైర్మెంట్ లేదు. ఆ రోజు నా తల మీద చెయ్యి వేసి, నా పేరెత్తి, నా మొగుడి పేరు కూడా ఎత్తి, వెక్కి వెక్కి ఏడుస్తూ ప్రార్థించింది. నేను కళ్ళు తెరిచి ఆవిడ చేతికున్న గాజులు లెక్కపెట్టాను. ఆ వారమే టెంటు కొన్నాను.

సూపర్‌మార్కెట్లో నానా సరుకూ పోసే మధ్య వరుసలో, వెల్డింగ్ ముసుగులకీ పిల్లల ఈత దుస్తులకీ మధ్య పడి ఉంది. ఒక్క మనిషికి సరిపోతుందని డబ్బా మీద రాసుంది. ఆ మాట చూసే కొన్నాను. మేయో కౌంటీలో, సముద్రం వైపున, బాగ్ అనే చిత్తడి నేల ఉంటుంది. కనుచూపు మేర తడి పీటు నేల, గోధుమరంగు గడ్డి, వెనక బోడి కొండలు. చెట్టు లేదు, ఇల్లు లేదు. వీపున నీలం రంగు పూసిన గొర్రెలు తప్ప ప్రాణి కనబడదు, అవి కూడా మనల్ని చూసి ముఖం తిప్పుకుంటాయి. ఇసుక లేదన్న మాటే గానీ అది ఎడారే, వానపడే ఎడారి. ఇంటి నుంచి కారులో నాలుగు గంటలు. గేటు దగ్గర కారాపి, బ్యాగు వీపున వేసుకుని గంట నడిస్తే ఫోను సిగ్నల్ పోతుంది. అక్కడ టెంటు వేస్తాను. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు రోజులు నా నోట ఒక్క మాట లేదు. మూడో రోజు తిరుగుదారిలో పెట్రోలు బంకులో టీ అడగబోతే గొంతు పెగల్లేదు. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నెలకోసారి వెళ్ళడం అలవాటైంది. వరసగా కొన్ని నెలలు ఒక్కో శుక్రవారం కనబడకపోయేసరికి పెద్దాంటీ పట్టుకుంది. ఎక్కడికి పోతున్నావని అడిగింది. కొండకి అన్నాను. ఎవరితో అంది. ఒక్కదాన్నే అన్నాను. ఆవిడ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"ఒక్కదానివే కొండెక్కి ప్రార్థనలో గడుపుతున్నావా తల్లీ?" అంది.

మా వైపు అది మామూలే. ఉపవాసముండి ప్రార్థన కొండకి వెళ్ళేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉంటారు. ప్రభువు నలభై రోజులు అరణ్యంలో ఒంటరిగా ఉన్న సంగతి మేం ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నదే. నా వార్డులో ఐరిష్ నర్సులు టెంటు మాట వినగానే క్యాంపింగా, వాతావరణం ఎలా ఉంది అని అడిగేవారు. మావాళ్ళకి ఆ ఆలోచనే తట్టదు. బుద్ధున్న ఆడది ఒంటరిగా వానలో గుడారం వేసుకుని పడుకుందంటే అది దేవుడి కోసమే అయ్యుండాలి. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. తల వంచుకున్నాను. దాన్ని వాళ్ళు వినయం అనుకున్నారు.

ఆ రోజు నుంచి నేను కొండకెళ్ళే అక్కనైపోయాను. నాకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే అనేవారు. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆ వారం కొండకి వెళ్తున్నానండీ అంటే చాలు, వందనాలు చెప్పి తప్పుకునేవారు. పుట్టినరోజులు లేవు, ఇంటి ప్రతిష్ఠలు లేవు, డబ్లిన్ అవతల ఆడమ్స్‌టౌన్ దాకా వెళ్ళి ఎవరివో కొత్త సోఫాలు మెచ్చుకోవక్కర్లేదు. మనుషుల్ని ఆమడ దూరంలో ఉంచడానికి ఇంత తేలికైన మార్గం ఉందని ముందే తెలిసుంటే ఎప్పుడో తల వంచేదాన్ని.

ఒక్కటే చికాకు. నేను బయల్దేరే ముందు శుక్రవారం అందరూ చీటీలు ఇచ్చేవారు. ఒక్కో చీటీలో ఒక్కో మనవి. కొండ మీద దేవుడి ముందు పెట్టమని. పెద్దాంటీ వాటిని కవరులో వేసి, నా చేతిలో పెట్టి, కవరు మీద ముద్దు పెట్టుకునేది. నేను వాటిని ఒక్కటి కూడా చదవలేదు. ఒకరి కడుపులో సంగతి ఇంకొకరికి తెలియడం నాకు అసహ్యం, అందుకని చదవలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని. అంత గొప్పేం లేదు. నాకు వాళ్ళ గొడవ అక్కర్లేదు, అంతే.

అప్పుడొచ్చింది ఆమె. ఏలూరు వైపు మనిషి, నాకన్నా పదేళ్ళు చిన్న. నర్సింగ్ హోములో కేరర్. భర్త క్లోనీ దగ్గర ఒక డేటా సెంటర్‌లో సెక్యూరిటీ, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ఒక్కతే కూతురు, అప్పటికి పదకొండేళ్ళది. ఆమె మాట మెత్తన, నడక మెత్తన, కూడికలో ఎప్పుడూ చివర కూర్చునేది. ఆ వసంతంలో ఆమె ఎడమ రొమ్ములో గడ్డ ఉందని ఈ భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు. నాకు చాలా ఆలస్యంగా తెలిసిన ఈ సంగతి మీకు ముందే చెప్పేస్తున్నాను. తెలుసుకోకుండా ఉండటం నాకు ఎంత సులువైందో మీరు చూడాలి.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, కూడిక అయ్యాక, ఎవరింట్లోనో వంటగదిలో నేను ప్రెస్, ఇక్కడ అలమరని అలాగే అంటారు, తెరిచి టీ కప్పులు సర్దుతున్నాను. ఆమె వచ్చి పక్కన నిలబడింది. నిలబడి ఊరుకుంది. ఇలాంటివాళ్ళు నాకు ఇంకా చిరాకు. ఏమిటని అడిగాను.

"అక్కా, ఈసారి నన్నూ కొండకి తీసుకెళ్తారా? మీ ప్రార్థనకి అడ్డం రాను. టెంటు బయట కూర్చుంటాను. మీతో ఒక్క మాట చెప్పాలి, ఇక్కడ చెప్పలేను."

నాకు కంగారు పుట్టింది. ఆమె మీద జాలితో కాదు. నా బాగ్‌లో, నా గొర్రెల మధ్య, ఈవిడ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నట్టు కనబడింది. ఈమెను రానిస్తే వచ్చే నెల ఇంకొకరు. ఆర్నెల్లలో పెద్దాంటీ చాప పట్టుకుని తయారవుతుంది. దేవుడు నన్ను ఒక్కదాన్నే రమ్మన్నాడమ్మా, తోడు తెచ్చుకోమనలేదు అని చెప్పాను. ఆమె తలూపింది. పోనీ పది నిమిషాలు మా ఇంటికి రానా అంది. డ్యూటీలున్నాయి, కుదరదన్నాను. మళ్ళీ తలూపింది గానీ కదల్లేదు.

"రాసివ్వు" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇచ్చింది. పిల్ల నోటుబుక్కు కాగితం, నాలుగు మడతలు, చుట్టూ సెల్లోటేపు. మీరొక్కరే చదవండక్కా అంది. అలాగే అన్నాను. ఇంటికెళ్ళి దాన్ని కూడా కవర్లో మిగతావాటితో కలిపి పడేశాను.

ఆ వారం బాగ్‌లో ఎండ కాసింది. ఏప్రిల్‌లో మేయోలో ఎండంటే మాటలు కాదు. బూట్లు విప్పి, పాదాలు నీటి గుంటలో పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం చిన్న గ్యాసు పొయ్యి మీద ఉప్మా చేసుకున్నాను. ఇంట్లో వేయించి తెచ్చుకున్న రవ్వ, కాస్త కోడి పచ్చడి. గాలికి మంట ఒక పక్కకు కొట్టి అడుగంటింది. తిన్నాక చూస్తే తుడవడానికి టిష్యూలు లేవు, ఇంట్లో మర్చిపోయాను. కవరుంది. చీటీలు ఒక్కొక్కటే తీసి మూకుడు తుడిచాను. సెల్లోటేపు ఉన్నది గట్టిగా ఉండి మాడు గీకడానికి బాగా పనికొచ్చింది. అన్నీ మూటగట్టి బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేశాను. బాగ్ మీద చెత్త వదిలే రకాన్ని కాదు నేను, ఆ పద్ధతి ఉంది నాకు. ఆ మూడు రోజులంత సుఖంగా నేనెప్పుడూ లేను. ఇప్పుడు కూడా అబద్ధం చెప్పను.

తర్వాతి ఆదివారం ఆమె కార్ పార్కులో నా కారు పక్కన కాచుకుని ఉంది. చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అది కూడా చూశాను, చూడకపోవడం కాదు.

"చదివారా అక్కా?"

"చదివాను."

"ఏమంటారు?"

"భయపడకు. ఏమీ కాదు. హాయిగా ఉండు."

నోటికొచ్చిన మాట అది. పద్దెనిమిదేళ్ళలో కొన్ని వేలసార్లు అని ఉంటాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. మీరు చెప్పారు, చాలక్కా, ఇంకెవర్నీ అడగను అంది. నేను కారు తాళం నొక్కాను, లైట్లు వెలిగాయి, ఆమె పక్కకు తప్పుకుంది.

ఆ ఏడు నెలలూ ఆమె కళకళలాడుతూ తిరిగింది. కూడికలో ముందు వరసకొచ్చి పాడేది. నా గుమ్మం ముందు డబ్బాలు పెట్టి బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయేది: గోంగూర, చేపల పులుసు, ఒకసారి అరిసెలు. నేను ఫోన్లో థాంక్స్ అని పెట్టేదాన్ని. మిగతావాళ్ళలా పీడించదు, మంచి మనిషి అనుకున్నాను. చీటీలో ఏముందో ఒక్కసారైనా నాకు గుర్తురాలేదు. మర్చిపోవడానికి చదివుంటే కదా.

నవంబరులో ఒక శుక్రవారం ఆమె మనవుల సమయంలో లేచి నిలబడింది. అదే మొదటిసారి. నర్సింగ్ హోములో ఒక ముసలాయన్ని లేపుతుంటే నడుం పట్టేసిందట. మేనేజర్ బలవంతంగా జీపీ దగ్గరికి, అంటే దగ్గర్లోని మామూలు డాక్టరు దగ్గరికి, పంపిందట. అక్కడి నుంచి ఆస్పత్రి, స్కానులు. రొమ్ములో మొదలై వెన్నెముకలోకి పోయిందని చెప్పింది. గదిలో ఎవరో ప్రభువా అన్నారు. ఆమె గొంతు వణకలేదు.

"గడ్డ ఏప్రిల్‌లోనే చూసుకున్నానండి. కొండకెళ్ళే అక్కకి రాసిచ్చాను. అక్క చదివి, భయపడకన్నారు. అందుకే నేను భయపడలేదు. ఇప్పుడూ భయపడను."

అందరూ నా వైపు తిరిగారు. అసహ్యంతో కాదు, గౌరవంతో. పెద్దాంటీ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. నా ఒళ్ళో పేపర్ ప్లేటు, అందులో సగం కొరికిన గారె. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏళ్ళ తరబడి ఆ జబ్బు ఉన్నవాళ్ళకు కట్లు కట్టిన మనిషిని. ఏప్రిల్‌కీ నవంబరుకీ మధ్య ఏముంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గదిలో అరడజను మంది నర్సులున్నారు, వాళ్ళకీ తెలుసు. అయినా ఒక్కరు కూడా, నర్సువై ఉండి గడ్డ ఉందని చదివి ఎలా ఊరుకున్నావే అని అడగలేదు. కొండకెళ్ళే అక్కని ఎవరు అడుగుతారు?

నాలుగు రోజులు నిద్ర లేదు. ఐదో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దున పదకొండు గంటలు. పిల్ల స్కూలుకెళ్ళింది, భర్త డ్యూటీ నుంచి వచ్చి పైన పడుకున్నాడు. ఆమె దుప్పటి కప్పుకుని సోఫాలో ఉంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చో అన్నాను. నేను ఎందుకెళ్ళానో కూడా నిజమే చెప్తాను. ఆమె బరువు పంచుకుందామని కాదు, నా బరువు దించుకుందామని వెళ్ళాను. ఇంకో లోపలి మాట కూడా ఉంది. నిజం బయటపడితే అందరూ నా ముఖాన ఉమ్మేసి దూరంగా పోతారు, ఇక శుక్రవారాలు ఉండవు, చీటీలు ఉండవు అని కారులో వస్తుండగా తోచింది. తోచినప్పుడు కాస్త ఊపిరాడింది కూడా.

చెప్పాను. కొండ మీద నేనెప్పుడూ ప్రార్థన చేయలేదని, మనుషుల్ని తప్పించుకోవడానికి వెళ్తానని, ఆమె చీటీ విప్పలేదని. ఆమె నా ముఖంలోకే చూస్తూ విన్నది.

"విప్పకుండా ఏం చేశారు?"

"మూకుడు తుడిచాను."

"ఏం వండుకున్నారు?"

నేను దేనికైనా సిద్ధపడి వెళ్ళాను గానీ ఈ ప్రశ్నకు కాదు. ఉప్మా అన్నాను. ఆమె ఉప్మా అని తిరిగి తనలో అనుకుంది. కిటికీలోంచి ఎదురింటి చెత్త బిన్నుల వైపు చూసింది. ఇటు తిరిగేసరికి అప్పటిదాకా నన్ను అంటున్న 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"అందులో నేను ప్రార్థించమని రాయలేదు. మా ఆయనకి చెబితే శుక్రవారం లేచి మనవి పెట్టేస్తారు, అందరూ నా రవిక వంకే చూస్తారు, నువ్వు నర్సువి కదా, నాతో జీపీ దగ్గరికి వస్తావా అని రాశాను. గంట పని."

కుర్చీ అంచు పట్టుకున్నాను. ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడానికి సిగ్గేసి మింగాను. ఈ శుక్రవారం లేచి నిలబడి అందరికీ చెప్పేస్తానన్నాను. ఒక్క ముక్క దాచనన్నాను.

ఆమె నవ్వింది. ఆ మెత్తటి మనిషికి అలాంటి నవ్వు ఒకటుందని నాకు తెలియదు.

"చెప్పొద్దు. చెబితే నిన్ను వదిలేస్తారు. నీకు కావల్సింది అదేగా." దుప్పటి భుజాల దాకా లాక్కుంది. "నేనూ చెప్పను. నువ్వు అక్కవే. నేను పంపిస్తూ ఉంటా, ఒక్కొక్కళ్ళనీ. కూర్చోబెట్టుకుని విను. మొత్తం విను. వాచీ చూడకుండా."

తర్వాత పైనున్న భర్త దగ్గిన శబ్దానికి గొంతు మార్చి, టీ తాగుతారా అక్కా అంది. తాగాను. వేరే దారి లేదు.

మాట నిలబెట్టుకుంది. కీమో కోసం డబ్లిన్ తిరుగుతూ, జుట్టు ఊడిపోయి తలకు స్కార్ఫు కట్టుకుని, మంచం మీద నుంచే పంపించింది. మొదట వచ్చినామె కొత్తగా వచ్చిన నర్సు, ఇక్కడి రిజిస్ట్రేషన్ పరీక్ష రెండుసార్లు తప్పింది, ఇంటికి ఆ సంగతి చెప్పలేదు. ఏలూరు అక్క పంపారండి అంది. రెండున్నర గంటలు చెప్పింది. తర్వాత డబ్లిన్‌లో మాస్టర్స్ చదివే తెలంగాణ కుర్రాడు, లీజు అయిపోయి ఒకే గదిలో ఆరుగురితో సర్దుకుంటున్నాడు, ఏడుస్తాడు గానీ ఎందుకేడుస్తున్నాడో చెప్పలేడు. తర్వాత ఒక అంకుల్. మూత్రంలో రక్తం పడుతోందని ఇల్లాలికి కూడా చెప్పకుండా నాలుగు నెలలు దాచాడు. ఆయన్ని జీపీ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. గంట పట్టింది. వెయిటింగ్ రూములో ఆ గంటంతా గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి నేల వైపు చూస్తూ కూర్చున్నాను.

వారానికోసారి ఆమెను చూడ్డానికి వెళ్ళాలి, అదీ ఆమె పెట్టిన నియమమే. నలుగురూ ఉంటే అక్కా, మీరు. అందరూ వెళ్ళాక నువ్వు. పంపినవాళ్ళ గురించి అడిగేది. ఫలానా ఆమె వచ్చిందా, ఏం చెప్పింది, వాళ్ళ అత్తగారి సంగతి కూడా చెప్పిందా అని. నేను ఏదైనా మర్చిపోతే పెదవి విరిచేది. సరిగ్గా వినలేదు, మళ్ళీ పిలువు అనేది. పిలిచేదాన్ని. ఒకసారి కోపమొచ్చి, నన్ను ఇంకా ఎన్నాళ్ళు చంపుతావని అడిగేశాను. అడిగాక నా నోటినే నేను కొట్టుకోవాలనిపించింది. ఆమెకు కోపం రాలేదు. నేనున్నన్నాళ్ళూ అని మామూలుగా చెప్పింది.

ఇన్ని విన్నాక నాకు మనుషుల మీద ప్రేమ పుట్టిందని అనుకుంటున్నారేమో. పుట్టలేదు. ఇప్పటికీ బెల్లు మోగితే ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళ కన్నీళ్ళు, వాళ్ళ ముక్కు చీదడాలు, చెప్పిందే చెప్పడాలు నాకు సహించవు. కానీ చీటీ మడత విప్పే చెయ్యిగా మాత్రం పనికొస్తున్నాను. ఎవరి బుగ్గలు పీక్కుపోయాయో, ఎవరు చెయ్యి ఒంటికి ఆనించి నడుస్తున్నారో గది అవతల నుంచే కనిపెడతాను. ఇది మంచితనం కాదు, శిక్ష. మధ్యలో ఒక్కసారి బాగ్‌కి వెళ్ళాను. సిగ్నల్ పోయే చోటికి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. ఈ మూడు రోజుల్లో ఎవరైనా ఫోన్ చేస్తే? వెనక్కి వచ్చి గేటు దగ్గర కారులోనే కూర్చుని, ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని, వాన చూసి ఇంటికొచ్చేశాను.

మరుసటి ఏడాది గడిచి ఫిబ్రవరి వచ్చాక ఆమె పోయింది. చివరి వారం మాట పడిపోయింది. నన్ను చూసినప్పుడు ఒకసారి కనుబొమలు ఎగరేసింది, ఎవరొచ్చారు అన్నట్టు. ఎవరెవరొచ్చారో చెప్పాను, వాళ్ళేం చెప్పారో ఒక్కొక్కటీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది. క్షమించానని అనలేదు, అనబోయే సూచన కూడా ఏమీ లేదు. భూస్థాపన రోజు ఆమె భర్త లేచి సాక్ష్యం చెప్పాడు. నా భార్యకు చివరిదాకా ఆదరణగా నిలబడింది ఈ అక్కేనండి అని నన్ను చూపించాడు. పెద్దాంటీ హల్లెలూయ అంది. అంతమందిలో నాకు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు, చెప్పొద్దంది కదా.

ఈ శిక్ష ఆమె ఉన్నన్నాళ్ళే అనుకున్నాను. పాపిష్టిదాన్ని, శవపేటిక దించుతుంటే కూడా ఆ ఆలోచన ఒకటి లోపల మెదిలింది.

తర్వాతి శనివారం పొద్దున బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆమె కూతురు. పదమూడేళ్ళొచ్చాయి. స్కూలు జాకెట్టు, తడిసిన జుట్టు, ఒక్కతే నడిచి వచ్చింది. మా తెలుగు దానికి అర్థమవుతుంది గానీ జవాబు డ్రోహెడా యాసలో ఇంగ్లీషే. నాన్న ఎక్కడ, తిన్నావా, ఎలా ఉన్నావు అని అడిగాను. ఐయామ్ గ్రాండ్, అంటే బాగానే ఉన్నానంది, ఇక్కడ పిల్లలందరూ అన్నట్టే. తర్వాత సోఫా కొసన కూర్చుని, మమ్మీ పంపించింది అంది.

చనిపోయే ముందే చెప్పిందట, అంతా అయ్యాక ప్రతి శనివారం ఇక్కడికి వచ్చి, వారమంతా ఏం జరిగిందో ఒక్కటీ వదలకుండా నాకు చెప్పాలని. పెద్దయ్యేదాకా. నాన్నకు చెప్పలేనివి ముఖ్యంగా. నీకు నాతో చెప్పడం ఇష్టమేనా అని తెలుగులో అడిగాను. భుజాలెగరేసింది.

"మీకు నచ్చదని మమ్మీ ముందే చెప్పింది" అంది ఇంగ్లీషులో, నా కళ్ళల్లోకి తల్లిలాగే చూస్తూ. "అయినా చెప్పమంది."

తడి బూట్లు విప్పకుండానే కాళ్ళు పైకి ముడుచుకుని, సోమవారం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.